అమ్మగారు అన్నం తినేది ఎప్పుడు?



ఇంటిపట్టున ఉండే తల్లి తన దినమును ఎలా క్రమపరచుకోవాలి అనే అంశం మీద నాలుగు మాటలు వ్రాయాలని చాలా కాలంగా నా మనసులో ఉన్నది. అయితే ఇది నేను బోధకుడిగా వ్రాయవలసినది కాదు, ఒప్పుకోలుగా వ్రాయవలసినది. అందుకే ఇంత ఆలస్యమైనది. నా భార్య అనుమతితోనే వ్రాస్తున్నాను. "మీరు రాయండి, నలుగురు అయ్యగార్లు చదివితే మంచిదే" అన్నది.

కృష్ణా డెల్టాలో ఒక కాలువ గట్టున ఉన్న చిన్న గ్రామంలో ప్రభువు మమ్మును సేవకు ఉంచాడు. ఇంట్లో నేను, నా భార్య, ముగ్గురు పిల్లలు, మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా అమ్మ. మా సంఘంలో ఎక్కువమంది కూలి పనికి వెళ్ళేవారు. నాట్ల రోజుల్లో తెల్లవారక ముందే స్త్రీలు గుంపుగా బయలుదేరతారు. వారి పసిబిడ్డలలో ఇద్దరు ముగ్గురు మా ఇంటి వరండాలోనే ఉంటారు. పాస్టరు గారి ఇల్లు అంటే సత్రం వంటిదని మీకు తెలియనిది కాదు. ఎప్పుడు ఎవరు వస్తారో తెలియదు, వచ్చినవారిని టీ అయినా ఇవ్వకుండా పంపకూడదు.

నేను వేసిన పట్టిక

2022 మే నెలలో తల్లుల ఆదివారం నాడు సామెతల గ్రంథం 31వ అధ్యాయం మీద ప్రసంగించాను. గుణవతియైన భార్య తెల్లవారక ముందే లేస్తుందనీ, రాత్రివేళ కూడా ఆమె దీపం ఆరిపోదనీ, సోమరితనపు కూడు తినదనీ గట్టిగా చెప్పాను. "మన అమ్మలు టీవీ ముందు, ఫోన్ల ముందు ఎంత కాలం వ్యర్థపరుస్తున్నారు?" అని కూడా అడిగాను. ఆ మాటకు మగవారి వైపు నుండి బిగ్గరగా "ఆమేన్" వచ్చింది. స్త్రీల వైపు నుండి ఏమి వచ్చిందో ఆ రోజు నేను గమనించలేదు.

ప్రసంగంతో ఆగలేదు. బడులు తెరవడానికి ముందు రోజు పాత గోడ క్యాలెండరు అట్ట తీసుకుని, వెనుక వైపు స్కేలుతో గీతలు గీసి, నా భార్య కోసం ఒక దినచర్య పట్టిక వ్రాశాను. తెల్లవారుజామున 4 గంటలకు లేచి ప్రార్థన. 4:30కి వాకిలి ఊడ్చడం. 5కి కుళాయి నీళ్ళు. 5:30కి టిఫిను. 6:30కి పిల్లలను లేపి తయారు చేయడం. ఆ విధంగా బట్టలు, వంట, "మధ్యాహ్నం 1 గంటకు అయ్యగారి భోజనం", అంట్లు, స్త్రీల కూడిక, పిల్లల చదువు, కుటుంబ ప్రార్థన, "7:30కి పిల్లలకు, అత్తగారికి, అయ్యగారికి వడ్డన", 9 గంటలకు మరునాటికి పప్పు నానబెట్టడం, 9:30కి నిద్ర. మొత్తం 21 వరుసలు. దానిని పొయ్యి గట్టు పక్కన మేకుకు తగిలించి, మంచి పని చేశానని సంతోషించాను.

నా భార్య దానిని ఒకసారి పైనుండి క్రింది దాకా చదివింది. "సరేనండీ" అన్నది. అంతే.

సుమారు ఏడు వారాలు ఆమె దాని ప్రకారం నడవడానికి ప్రయత్నించింది. ఏ రోజైనా ఒక పని వెనుకబడితే నేను అట్ట వైపు చూసేవాడిని. నోటితో ఏమీ అనలేదు గనుక నేను మృదువుగానే ఉన్నానని అనుకునేవాడిని. ఆమె ముఖం పాలిపోవడం, మెట్లెక్కితే ఆయాసపడడం చూసి కూడా "నిద్ర చాలడం లేదేమో, ప్రభువు బలపరుస్తాడు" అని సరిపెట్టుకున్నాను.

ఆగస్టు చివరలో ఒక శుక్రవారం, ఉపవాస కూడికకు గుడి ఊడ్చి వచ్చి, కుళాయి దగ్గర బిందె ఎత్తుకోబోయి పడిపోయింది. నేను లోపల గదిలో ఆ కూడికకు వాక్యం సిద్ధపరచుకుంటున్నాను. పరుగెత్తుకొచ్చి చెప్పినది మా చిన్నవాడు.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

ఆటోలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాము. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 6.8 ఉన్నదన్నారు. గర్భవతులు కాని స్త్రీలకు కనీసం 12 ఉండాలట. చాలా కాలంగా నెలసరి ఎక్కువగా ఉన్నదన్న సంగతి కూడా అక్కడే బయటపడింది. నాకు చెప్పలేదు. చెప్పే సమయం నా పట్టికలో లేదు.

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "ఈమె రోజూ ఉదయం ఏమి తింటారు?" అని అడిగారు. నేను తెల్లబోయాను. పదహారేళ్ళ కాపురం. పొద్దున్నే నేనేమి తింటానో ఆమెకు తెలుసు, నాకు ఏ కూరలో ఉప్పు తక్కువ ఉండాలో తెలుసు. ఆమె ఏమి తింటుందో, అసలు తింటుందో లేదో నాకు తెలియదు. చివరికి నా భార్యే మంచం మీద నుండి, "అందరూ తిన్నాక ఏదైనా మిగిలితే తింటానండీ, లేకపోతే టీ తాగుతాను" అన్నది.

ఆమెకు రక్తం ఎక్కించారు. మూడు వారాలు బరువు పనులు చేయకూడదన్నారు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని తరువాత తెలుసుకున్నాను. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంటే ఆదివారం నా ఎదుట చాప మీద కూర్చుని ప్రసంగం వింటున్న తల్లులలో సగానికి పైగా నీరసంతోనే కూర్చుని ఉండవచ్చు. వారికి నేను సోమరితనం గురించి బోధించాను.

ఇంటిపని నా చేతికి వచ్చినప్పుడు

ఆ మూడు వారాలు ఇల్లు నా చేతికి వచ్చింది. నేను వేసిన పట్టిక ఉన్నది గదా, కష్టమేమిటి అనుకున్నాను. మొదటి ఉదయమే అది చెడిపోయింది. కుళాయి 5 గంటలకు రాలేదు, 6:15కి వచ్చింది. నేను నీళ్ళు పడుతుండగా పాలు పొంగిపోయాయి. పాలు చూడబోతే బిందె నిండి వాకిలంతా బురద అయ్యింది. చిన్నవాడికి ఒక సాక్సు కనబడలేదు. అమ్మకు మాత్ర వేయడం మరచిపోయాను. ఇంతలో ఒక సహోదరుడు పొలం తగాదా గురించి ప్రార్థన చేయించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. "పిల్లలను లేపడం – 10 నిమిషాలు" అని నేను వ్రాసిన వరుస ఆ రోజు 40 నిమిషాలు పట్టింది.

అంతకంటే ముఖ్యమైన సంగతి నాలుగవ రోజు జరిగింది. మా సంఘంలో ఒక వృద్ధురాలైన విధవరాలు ఉన్నది. చదువు రాదు గాని ప్రార్థనలో బలమైన మనిషి. మునగాకు కోసుకుని, నాలుగు కోడిగుడ్లు కొంగులో కట్టుకుని అమ్మగారిని చూడడానికి వచ్చింది. వంటింట్లో ఆ అట్ట చూసి, "ఏందమ్మా ఇది?" అని మా అమ్మాయిని అడిగింది. మా అమ్మాయి మొదటి వరుస నుండి చివరి వరకు చదివి వినిపించింది. పెద్దామె అంతా విని, కాసేపు ఊరుకుని, నా వైపు చూసి నిదానంగా అడిగింది.

"అయ్యగారూ, ఇందులో అమ్మగారు అన్నం తినేది ఎప్పుడండీ?"

నేను అట్ట దగ్గరకు వెళ్ళి చూశాను. 21 వరుసలు. నా టీ ఉన్నది, నా భోజనం ఉన్నది, అత్తగారి మాత్రలు ఉన్నాయి, కోళ్ళకు నూకలు కూడా ఉన్నాయి. ఆమె అన్నం లేదు. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మోకరించి, ప్రభువు ఎదుటా, తరువాత ఆమె ఎదుటా క్షమాపణ అడిగాను.

వాక్యమును మరల చదివినప్పుడు

ఆ వారంలో సామెతలు 31వ అధ్యాయమును మరల తెరిచాను. వేదాంత పాఠశాలలో నేర్చుకున్నవే అయినా మరచిపోయిన సంగతులు కొన్ని నా కళ్ళకు కనబడ్డాయి.

మొదటిది, ఆ అధ్యాయం మొదటి వచనం ప్రకారం ఇవి రాజైన లెమూయేలుకు అతని తల్లి నేర్పిన మాటలు. అంటే ఒక తల్లి తన కుమారునికి చెప్పినవి. నేను వాటిని స్త్రీల మీద కర్రలాగా ఎత్తాను. అవి ముందుగా మగవాడి చెవిలో పడవలసిన మాటలు.

రెండవది, 10 నుండి 31 వరకు గల 22 వచనములు హెబ్రీ భాషలోని 22 అక్షరముల వరుసలో కూర్చబడినవి. మన భాషలో 'అ' నుండి 'ఱ' వరకు అన్నట్టు. అది ఒక స్త్రీ జీవితమంతటిని అక్షరక్రమంలో స్తుతించే పద్యం. పొలం కొనడం, ద్రాక్షతోట నాటించడం, ఉన్ని, నార, వర్తకం, బీదలకు చెయ్యి చాపడం ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇవి ఒక్క దినంలో జరిగే పనులా? ఒక జీవితకాలపు పనిని నేను సోమవారం 4 గంటల నుండి 9:30 లోపల ఇరికించాను.

మూడవది, ఆమెకు పనికత్తెలు ఉన్నారు. 15వ వచనంలో వారికి కూడా ఆమె పని, భోజనం ఏర్పాటు చేస్తుంది. ఆమె ఒంటరిగా చేయలేదు. నాలుగవది, గవిని దగ్గర పెద్దలతో కూర్చునే భర్త, ఇంటికి వచ్చి ఆమెను పొగడుతాడు. చివరి వచనమైతే ఆమె చేతుల కష్టఫలంలో ఆమెకు పాలు ఇవ్వమంటున్నది. నా ప్రసంగంలో నేను అంత దూరం రాలేదు.

127వ కీర్తన కూడా గుర్తుకు వచ్చింది. వేకువనే లేచి, చాలా రాత్రి వరకు మేలుకొని, కష్టార్జితం తినడం వ్యర్థమనీ, తన ప్రియులకు దేవుడు నిద్రనిస్తాడనీ అక్కడ ఉన్నది. బదరీ చెట్టు క్రింద చచ్చిపోతానన్న ఏలీయాకు దేవుడు మొదట ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పంపాడు. మరల నిద్ర, మరల భోజనం. ఆ తరువాతనే హోరేబు ప్రయాణం. రాత్రంతా వలలు వేసి అలసిపోయిన శిష్యులకు తిబెరియ సముద్రతీరమున పునరుత్థానుడైన ప్రభువే నిప్పులు వేసి, చేపలు, రొట్టె సిద్ధం చేశాడు. సర్వసృష్టికర్త వంట చేసి, రండి తినండి అని పిలిచాడు. నేను మాత్రం పొయ్యి దగ్గరకు వెళ్ళడం నా సేవకు తక్కువ అనుకున్నాను.

ఆమె వేసిన పట్టిక

కొంచెం బలం వచ్చాక నా భార్యతో, "ఈసారి నువ్వే చెప్పు, నేను వ్రాస్తాను" అన్నాను. ఆమె నవ్వి, "గడియారం చూసి ఇల్లు నడవదండీ" అన్నది. తల్లులారా, ఆమె చెప్పిన పద్ధతిలో మీకు పనికివచ్చేవి ఉన్నాయని నమ్మి ఇక్కడ వ్రాస్తున్నాను.

ఒకటి. నిమిషాలకు బదులు, రోజులో తప్పని నాలుగు సంగతులను గుంజలుగా పాతుకోవాలి: కుళాయి రావడం, పిల్లలు బడికి వెళ్ళడం, మధ్యాహ్న భోజనం, సాయంత్రం దీపాలు పెట్టే వేళ. ఏ పని ఏ గుంజకు ముందు, ఏది తరువాత అని మాత్రమే అనుకోవాలి. కుళాయి గంట ఆలస్యమైతే పనులు జరుగుతాయి గాని చెడిపోవు.

రెండు. ఆ రోజు తప్పక జరగవలసిన పనులు మూడు మాత్రమే ఉదయాన ఎంచుకోవాలి. మిగిలినవి జరిగితే స్తోత్రం, జరగకపోతే రేపు. కోతల కాలంలో, పిల్లలకు జ్వరాలు వచ్చినప్పుడు ఆ మూడూ ఒకటి కావచ్చు.

మూడు. ఉదయపు తొందర ముందు రాత్రే సగం తగ్గించుకోవచ్చు. పప్పు నానబెట్టడం, కూర తరిగి పెట్టుకోవడం, పిల్లల బట్టలు, సంచులు ఒకచోట పెట్టడం. ఇవి రాత్రి భోజనం కాగానే అందరూ కలిసి చేస్తే పావుగంట పని.

నాలుగు. పెద్ద పనులను వారమంతా పంచుకోవాలి. దుప్పట్లు ఒక రోజు, పిండి పట్టించడం ఒక రోజు, ఇల్లు దులపడం ఒక రోజు. శనివారం గుడి శుభ్రం చేయడం ఇప్పుడు యౌవనస్థుల వంతు. ఆదివారం వంట పప్పు, వేపుడు, మజ్జిగ. అతిథులకు కూడా అదే.

అయిదు. పని పంచాలి. మోషే ఉదయం నుండి సాయంత్రం వరకు ఒక్కడే తీర్పు తీరుస్తుంటే, నీవు నలిగిపోతావు, నీతోనున్న ప్రజలు కూడా నలిగిపోతారు అని అతని మామ యిత్రో హెచ్చరించాడు. నిర్గమకాండము 18వ అధ్యాయమును సంఘ పరిపాలన గురించి నేను ఎన్నోసార్లు చెప్పాను. వంటింటికి వర్తిస్తుందని నా భార్య చెప్పింది. ఇప్పుడు నీళ్ళు పట్టడం, ఉదయం టీ, రాత్రి పిల్లల చదువు నావి. ఆకుకూర ఏరడం, బియ్యం చెరగడం కూర్చుని చేసే పనులు గనుక మా అమ్మవి. పెద్దమ్మాయికి ఎంత పనో మావాడికీ అంతే. వాడు మొదటిసారి అంట్లు తోముతుంటే మా అమ్మ, "మగపిల్లాడి చేత అంట్లా?" అని బాధపడింది. "శిష్యుల కాళ్ళు కడిగిన ప్రభువుకు రాని తక్కువ వీడికేమిటమ్మా" అన్నాను. ఇంకేమీ అనలేదు. ఇప్పుడు తోమిన గిన్నెలు తుడిచి బోర్లించేది ఆమే.

ఆరు. మధ్యాహ్నం 2 నుండి 3 వరకు అమ్మగారు పడుకుంటారని సంఘంలో నేనే ప్రకటించాను. వచ్చిపోయేవారు ఎక్కువై భోజనానికైనా తీరిక లేనప్పుడు ప్రభువు తన శిష్యులను ఏకాంతముగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడు గదా. మొదట కొందరికి వింతగా ఉన్నది. తరువాత స్త్రీలే ఆ గంటలో ఎవరినీ గుమ్మం ఎక్కనివ్వలేదు.

ఏడు. ప్రార్థన. 4 గంటల ప్రార్థన ఆమె ఇష్టపూర్వకంగా మానుకోలేదు, డాక్టరమ్మ నిద్ర కావాలన్నారు గనుక మానుకున్నది. పిల్లలు బడికి వెళ్ళాక తలుపు దగ్గర కూర్చుని ఒక అధ్యాయం చదివి ప్రార్థిస్తుంది. ఆ పావుగంటలో అన్నం తింటున్నట్టు వాక్యం తింటున్నానని అన్నది. 4 గంటలకు లేచి తూలుతూ చేసిన ప్రార్థనను ప్రభువు ఆలకించాడు. ఈ ప్రార్థనను కూడా ఆలకిస్తాడు.

ఎనిమిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆమె అందరితో కలిసి కూర్చుని తింటుంది. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి అందరం వడ్డించుకుంటాము. ఇనుము మాత్రలు టీతో గాని కాఫీతో గాని వేసుకోకూడదన్నారు, అవి ఒంటికి పట్టకుండా చేస్తాయట. నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటుంది. ఆకుకూర, గుడ్డు, పల్లీల ఉండ ఆమె కంచంలోనికి వచ్చాయి.

ఒక పాస్టరు గారి భార్య

ఇంగ్లండులోని ఎప్‌వర్త్ గ్రామంలో సుజన్నా వెస్లీ అనే దైవజనుని భార్య ఉండేది. 19 మంది పిల్లలను కన్నది, పదిమంది బ్రతికారు. భర్త 1705లో అప్పు వలన చెరసాలలో ఉన్నాడు, 1709లో ఇల్లు కాలిపోయింది. అట్టి పరిస్థితులలో ఇంట్లోనే బడి నడిపి పిల్లలకు చదువు నేర్పింది. పని ఎంత ఉన్నా వారంలో ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క బిడ్డకు కేటాయించి, ఆ బిడ్డతో ఏకాంతంగా మాట్లాడేది. గురువారం జాన్‌ది. పెద్దవాడై ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు కూడా జాన్ వెస్లీ ఆ గురువారపు సాయంత్రాన్ని జ్ఞాపకం చేసుకుని తల్లికి ఉత్తరం వ్రాశాడు. తల్లి ఊడ్చిన ఇల్లు అతనికి గుర్తున్నదో లేదో గాని, తల్లి ఇచ్చిన ఆ గంట గుర్తున్నది. ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురు పిల్లలకు మూడు సాయంత్రాలు ఉన్నాయి. ఆ వేళ అంట్లు నావి.

సహోదరులకు ఒక మాట

2019లో ప్రభుత్వం దేశమంతటా, ప్రజలు తమ కాలాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. ఒక దినమున జీతంలేని ఇంటిపని చేసినవారు స్త్రీలలో 81 శాతం, పురుషులలో 26 శాతం. చేసిన స్త్రీలకు అది సగటున 299 నిమిషాలు, పురుషులకు 97. అన్నలారా, తమ్ములారా, తల్లుల దినమును క్రమపరచాలంటే ముందు మన దినమును క్రమపరచుకోవాలి. కాలం వ్యర్థం కాకూడదని బోధించే మనము రచ్చబండ దగ్గర, టీ కొట్టు దగ్గర గడిపే గంటలను ఎవరు లెక్కిస్తున్నారు?

నా భార్యకు ఆరు నెలల తరువాత చేసిన పరీక్షలో 11.4 వచ్చింది. ఇంకా మాత్రలు, పరీక్షలు ఉన్నాయి. కొన్ని రోజులు మరల పాత పద్ధతిలోనికి జారిపోతాము. ఊరిలో మరణం సంభవిస్తే, కూడికలు వస్తే ఏ గుంజా నిలవదు. అయినా ఆ పెద్దామె ప్రశ్న మా ఇంట్లో నిలిచిపోయింది. రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు మా చిన్నవాడు "అమ్మా, నువ్వు తిన్నావా?" అని అడుగుతాడు. అది నేను వాడికి నేర్పలేదు.

పాత అట్టను నేను చింపలేదు. దాని రెండవ వైపు, క్యాలెండరు బొమ్మ ఊడదీసి, ఆమె చెప్పినవి వ్రాసి అదే మేకుకు తగిలించాను. మొదటి వరుసలో ఆమె భోజనం ఉన్నది.

ప్రియులారా, ఈ పత్రిక ప్రక్కన పెట్టక ముందే మీ ఇంటి తల్లిని ఒక్క మాట అడగండి. ఈ రోజు ఏమి తిన్నావు, ఎప్పుడు తిన్నావు అని. జవాబు రాకపోతే మీరే లేచి వడ్డించండి. అలసిన తన వారికి తీరమున భోజనం సిద్ధపరచిన ప్రభువు మీ గృహములను, మీ గృహములలోని తల్లులను బలపరచి దీవించును గాక. ఆమేన్.